చేలో నాకు కనపడని నిలువు గీతలు

ఈ ఆదివారం ఊరెళ్తున్నాను. ఈలోపు ఇది రాయకపోతే మా అన్నయ్య ముందు మళ్లీ నోరు మూసుకుని కూర్చోవాల్సి వస్తుంది... అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... మిరప నారు నాటే రోజు నాకు బడి లేనట్టే. నాన్న కౌలు చేలో ముందే అచ్చు తోలి ఉంచేవాడు. నిలువు గీతలు, వాటి మీదుగా అడ్డగీతలు... చేనంతా గళ్ల దుప్పటిలా ఉండేది. రెండు గీతలు కలిసిన చోటల్లా ఒక మొక్క పెట్టాలి.

నాకేమో అడ్డగీతలే కనిపించేవి. నిలువువి మట్టిలో అలుక్కుపోయినట్టుండేవి. పక్క గట్టు మీదకి వెళ్లి చూస్తే ఇందాక లేనివి తేలేవి... ఇందాకటివి మాయం!

"నాన్నా, గీతలు ఎవరో చెరిపేస్తున్నారు" అన్నాను ఓసారి.

కూలికొచ్చిన ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. "పని ఎగ్గొట్టడానికి ఎన్ని తెలివితేటలే నీకు!" అంది అమ్మ.

తల పక్కకి వంచితే కాస్త నయం. అలాగే నాటేదాన్ని, బడిలో బోర్డూ అలాగే చూసేదాన్ని. 'మెడ పట్టిన కోడిపిల్ల' అని పేరు పెట్టారు. నాన్న మాత్రం నేను వంకరగా పెట్టినవి పీకి మళ్లీ నాటేవాడు.

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. ఉద్యోగంలో చేరాక, ఇరవై మూడేళ్లకి, కంటి డాక్టరు దగ్గరకి వెళ్లాను. సైకిల్ చక్రం చువ్వల్లా గీతలున్న బొమ్మ చూపించి, "ఏవి నల్లగా ఉన్నాయమ్మా?" అని అడిగారు.

"అడ్డంగా ఉన్నవి సార్. నిలువువి బూడిద రంగులో గీశారు కదా."

ఆయన బొమ్మ పక్కన పెట్టి, "అన్నీ ఒకే నలుపమ్మా" అన్నారు.

ఏ గీత ఎటు వాలి ఉందో పోల్చుకోవడం మెదడు చిన్నతనంలోనే, చూసి చూసి నేర్చుకుంటుందట. నా కంటి ముందుపొర వంపులో తేడా వల్ల నిలువు గీతలు మెదడుకి సరిగా అందనే లేదట. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకున్నా అవి పూర్తిగా తేలవు. "చిన్నప్పుడే వచ్చుంటే బాగుండేది" అన్నారు.

పోయిన నెల ఊరెళ్లినప్పుడు మా అన్నయ్య కూతురు లిల్లీ మెడ వంచి పుస్తకం చూస్తోంది. ఒకటో తరగతి. "అచ్చం మేనత్తే!" అని అమ్మ మురిసిపోయింది. డాక్టరుకి చూపిద్దాం అన్నయ్యా అన్నాను.

"నీకేం తక్కువైందే? చదివావు, ఉద్యోగం చేస్తున్నావు. అదీ చదువుద్దిలే. అప్పుడే దాని మొహాన కళ్లజోడెందుకు?"

నా ఉద్యోగమే నా మాటకి అడ్డొచ్చింది. ఒక్కో పేజీకి తోటివాళ్లకంటే ఎంతసేపు ఎక్కువ పట్టేదో ఇంట్లో ఎవరూ చూడలేదు. అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా ఏమీ చేయలేకపోతున్నాను.

మీకు గానీ, మీ పిల్లలకి గానీ చిన్నప్పుడే కళ్లజోడు పెట్టారా? పెట్టాక ఏం మారిందో రెండు ముక్కలు రాయండి. పెట్టనివాళ్లూ రాయండి. అన్నీ అన్నయ్యకి చదివి వినిపిస్తాను.

శనివారం సాయంత్రంలోపు రాయండి, దయచేసి. లిల్లీకి ఇప్పుడు ఆరేళ్లు.