మొగల్తూరు కొంగకి లామినేషన్

లామినేషన్ మిషన్ కనిపెట్టినవాడు ఎదురుపడితే నాలుగు మాటలు అనాలనుంది. మొగల్తూరులో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన జపాను పద్ధతిలో చెక్క అచ్చుబొమ్మలు వేస్తారు. రంగుకో టేకు పలక చెక్కి, నీటిరంగులో బియ్యప్పిండి జావ కలిపి పులిమి, పైన తడి కాగితం పరిచి చేత్తో రుద్దుతారు. బొమ్మకి ముప్పై ప్రతులే. అవి అయిపోగానే మళ్ళీ వేయడానికి వీల్లేకుండా పలకల మీద ఉలితో అడ్డంగా గీత కొట్టేస్తారు. ఆయన వేసిన గోదావరి కొంగలు ఐదైతే నా దగ్గర నాలుగున్నాయి. తొలకరి వానలో నిలబడ్డ ఐదో కొంగ ఒక్క ప్రతే మిగిలిందని తెలిసి, నాకోసం ఉంచమని ఫోన్ చేశాను.

ఆదివారం ఉదయం ఆరింటికి రాజమండ్రిలో నరసాపురం బస్సెక్కాను. టికెట్టు నూట పది రూపాయలు. రావులపాలెం, పాలకొల్లు మీదుగా తొమ్మిదిన్నరకి దిగి, ఇడ్లీ తిని, ఇరవై రూపాయలిచ్చి షేరాటోలో మొగల్తూరు చేరాను. కొంగ బొమ్మ కోసం వచ్చానంటే డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. “మా చేలో ఊరికే తిరుగుతుంటాయండి,” అన్నాడు.

మాస్టారు కాఫీ ఇప్పించి మొహమాటంగా బీరువా తెరిచారు. పిల్లల పదో తరగతి సర్టిఫికెట్ల మధ్యలోంచి నా కొంగ తళతళలాడుతూ బయటికొచ్చింది. వేలికి తగలాల్సిన వాన గీతల మీద ప్లాస్టిక్ జారిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. ఎవరు చేశారిలా అని గట్టిగానే అడిగాను.

మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చి, ఈ తేమకి కాగితాలు పురుగు పట్టేస్తున్నాయని, ఆయనకి చెప్పకుండా నరసాపురం పంపి తనే చేయించానని చెప్పారు. “సర్టిఫికెట్లన్నీ అలాగే చేయించామండి. ఇదీ పోకూడదని,” అన్నారు.

పలకలకి అప్పటికే గీత పడిపోయింది. ఇంక ముప్పై ఒకటోది లేదు. ముప్పై ప్రతులని లెక్కగట్టే మనిషికి బీరువా తాళం వేసుకోవడం తెలియదా అని మాస్టారి మీద విరుచుకుపడ్డాను. ఆయన నొచ్చుకోలేదు.

“మా ఆవిడ ఇన్నేళ్ళుగా చెక్క పొట్టు ఊడవలేక విసుక్కునేదండి. నా బొమ్మ పోకూడదనుకోవడం ఇదే మొదటిసారి. ఇది ఇంక అమ్మనండి. క్షమించండి.”

తిరుగు బస్సులో పాలకొల్లు దాటేదాకా నా కోపం దిగలేదు. బొమ్మల విలువ నాకే తెలుసనే పొగరుతో వెళ్ళాను. నేను ఐదోది దొరికితే వరస నిండుతుందనుకున్నాను. ఆవిడ దాన్ని కన్నబిడ్డల కాగితాలతో కలిపి దాచింది. అయినా ఆ బొమ్మ పాడైంది, అది పాడవడమే, ఎవరేమన్నా ఒప్పుకోను. మీరూ బొమ్మ కోసం వెళ్ళేటట్లయితే, అది నలగకుండా తెచ్చుకోడానికి రెండు గట్టి అట్టలు వెంట తీసుకెళ్ళండి, లామినేషన్ వద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. మాస్టారికి కాదు, ఆవిడకి.