ఆల్బన్ మామ పెంచిన తోక

ఆయన పూర్తి పేరు ఆల్బన్ థియడోర్ పెండ్రీ. నేను బడిలో చేరిన ఏడాది, ఎలుకల వేట పండుగనాడు, పాఠం మధ్యలో తలుపు తోసుకొని వచ్చి, చచ్చిన ఎలుకనొకదానిని నా బల్లమీద పడుకోబెట్టారు.

“టీచరమ్మా, దీని తోక నీ స్కేలుతో కొలువు. ఆ పందెం కమిటీవాళ్ల కొలతల తాడు వాళ్ల బావమరుదులకి సాగుద్ది, నాకు ముడుచుకుపోద్ది.”

“ముందు బూట్లు తుడుచుకొని రండి మామా.”

తుడుచుకొని వచ్చారు. కొలిచాను. ఆనాటి నుంచి తోకలు కొలిచే అధికారం నాకు దఖలుపడింది. ముప్పై ఒక్క ఏళ్లలో మిల్లీమీటరు తప్పు దొర్లలేదు.

ఎలుకలు మా ద్వీపానికి ఏనాడో మునిగిన ఓడ నుంచి ఈదివచ్చాయి. బొరియల్లో ఏడాదికి ఒక్క గుడ్డు మాత్రమే పెట్టే సముద్రపు పక్షులను అవి మిగలనివ్వవు. అందుకే ఏటా ఒకరోజు ఊరంతా కుక్కలతో, కర్రలతో బంగాళాదుంపల మడులమీద పడుతుంది. అన్నిటికంటే పొడుగు తోకకు కప్పు. పొట్టి తోకది దొరికితే వదిలేయడం మావాళ్ల మర్యాద. వచ్చే ఏటికి పెరుగుతుంది కదా! శత్రువును ఇంత ఓపికగా పెంచి చంపే సైన్యాన్ని నేను మరెక్కడా ఎరుగను.

మామ ఆ మర్యాదను శాస్త్రంగా మార్చారు. మడి పక్కన ఆయన గుడిసెలో, ఏటికొక ఎలుక ‘అడ్మిరల్’ అనే పేరుతో గొర్రె కొవ్వు ఆరగిస్తూ పెరిగేది. అలా తొమ్మిది కప్పులు వచ్చాయి. ఓడలో వచ్చిన పరిరక్షణ అధికారి, “పక్షులకు మీరే దిక్కు” అని ఉపన్యసిస్తే, మామ వినయంగా టోపీ తీశారు.

పదో కప్పు రావలసిన ఏడాది గుడిసె వెనుక రాతిగోడ కింద పెట్రెల్ అనే బూడిదరంగు సముద్రపు పక్షుల జంట బొరియ తవ్వింది. ఆయన తండ్రి కాలం తరువాత ఆ వాలులో ఆ పక్షి దిగడం అదే మొదలు. మామ తన కుక్కను ఇంట్లో కట్టేశారు. గోడ దగ్గర ఎవరైనా దగ్గినా ఊరుకొనేవారు కారు.

“గుడ్డెట్టింది టీచరమ్మా! పిల్ల ఎగిరేదాకా నాకు చావడానికి తీరిక లేదు.”

“మరి మీ అడ్మిరల్?”

“అదా? పెద్దమనిషి. కొవ్వు తప్ప ముట్టదు.”

పండుగనాటి ఉదయం బొరియ ముందు పెంకులే మిగిలాయి. మూతికి సొన అంటుకొన్న అడ్మిరల్ ఆయనను చూసి పారిపోలేదు, కొవ్వు తెచ్చారనుకొంది.

నేను చెప్పకుండానే మామ బూట్లు తుడుచుకొని బడిలోకి వచ్చి, చచ్చిన అడ్మిరల్‌ను బల్లమీద పెట్టారు. కొలిచాను.

“ఇరవై ఆరు సెంటీమీటర్లు మామా. ఇంత పొడుగుది ఇంతవరకు లేదు.”

“అంటే మళ్లీ నాకే ఇస్తారా?”

“నియమం అదే.”

బయట కప్పును ఎవరో చొక్కా అంచుతో తుడుస్తున్నారు. మరుసటి ఓడ వచ్చేలోగా ఆయన కన్నుమూశారు కనుక, అప్పుడు ఆయన అడిగినదే నన్ను చివరిగా అడిగినదయింది.

“ఇన్నేళ్లలో నిన్ను ఒక్క తప్పు చెయ్యమనలేదు. ఈసారికి రెండు వేళ్లు తగ్గించి రాయి తల్లీ.”