కాలవ అవతలి మనిషి

కువైట్‌లో ఉన్న మూడేళ్ళూ నా కూతురి నుదురూ కళ్ళూ తప్ప నేనేమీ చూడలేదు. వీడియో కాల్ కలవగానే ఫోను ముక్కుకి ఆనించుకునేది. "కాస్త దూరం పెట్టవే, ముఖమంతా చూస్తాను" అంటే జరిపినట్టే జరిపి మళ్ళీ దగ్గరికి లాక్కునేది. నాకు లోలోపల గర్వం. "మా పిల్లకి నా మీద ఎంత బెంగో చూడండి" అని నా గదిలో ఉండే ఆవిడ దగ్గర గొప్పలు పోయేదాన్ని. నేను పనిచేసే ఇంట్లో మధ్యాహ్నం అందరూ పడుకునే గంట ఒక్కటే నాది. మా ఊళ్ళో అప్పుడు బడి వదిలే వేళ. ఆ గంట కోసమే మిగతా రోజంతా గిన్నెలు తోమేదాన్ని.

అది నాలుగో తరగతిలో ఉండగా సెలవు మీద వచ్చాను. మాది కొత్తపేట దగ్గర పల్లె. కాలవకి అవతల రోడ్డు, ఇవతల మా అమ్మ ఇల్లు, మధ్యలో నడిచి దాటే చిన్న వంతెన. కారు దిగేసరికి నా కూతురు ఇవతలి గట్టున ఒక్కతే నిలబడి ఉంది. చెయ్యి ఊపాను. పిలవలేదు, తనే చూసి పరిగెత్తుకొస్తుందనుకున్నాను. నా వైపే చూసింది. చూసి, ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు ముఖం తిప్పుకుంది.

దగ్గరికి వెళ్ళాక చుట్టేసుకుంది గానీ, ఆ మొదటి చూపు నన్ను వదల్లేదు. కోపమంతా అమ్మ మీద వెళ్ళగక్కాను.

"పిల్లకి నన్ను పరాయిదాన్ని చేసేవు కదమ్మా."

"దానికి రోజూ నీ ధ్యాసే. నేనేం చేసేను?" అంది అమ్మ. నేను నమ్మలేదు.

వారం తరవాత గట్టు మీద కూర్చుని జడ వేస్తూ, "ఆ అవతలి కొబ్బరిచెట్టుకి గెలలెన్నున్నాయో చెప్పు" అన్నాను.

"ఏ చెట్టమ్మా?"

వేళాకోళమనుకుని నెత్తిన ఒకటి మొట్టాను. అది కళ్ళు చికిలించి, "అక్కడంతా పచ్చగా ఉంటుంది గానీ చెట్లు విడివిడిగా ఉండవు కదా" అంది. అందరికీ అలాగే కనబడుతుందనుకుంటోంది. బడిలో బోర్డు మీదవి కూడా పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటోందట. అనవసరంగా మొట్టానే అని నా చెయ్యి చూస్తే నాకే రోత పుట్టింది.

అమలాపురంలో కళ్ళ డాక్టరుగారు పరీక్ష చేసి, దగ్గరివి బాగానే కనబడతాయి, దూరానివే మసక అన్నారు.

"కాలవ అవతల నిలబడ్డ మనిషి కనబడుతుందా అండీ?" అని అడిగాను.

"మనిషని తెలుస్తుందండి. ఎవరో తెలీదు."

అక్కడే ఏడ్చేశాను. నేను కళ్ళజోడు నంబరుకి భయపడ్డానని ఆయన అనుకున్నట్టున్నారు, జోడు పెడితే చక్కగా చూస్తుందన్నారు.

"రోజూ పొన్నగంటికూర పెడతానండి. ఆడపిల్లకి జోడెందుకండీ?" అంది అమ్మ.

"ఆయ్, పెట్టండి, మంచిదే. కూరతో నంబరు పోదండి. జోడు వల్ల కళ్ళు పాడవుతాయన్నది కూడా ఉత్తిమాట. బడి వదిలేక వెలుతురున్నంతసేపు బయట ఆడుకోనివ్వండి, నంబరు తొందరగా పెరక్కుండా ఉంటుంది. ఫోను చేతికివ్వకండి."

"ఆ వేళలోనే నాతో మాట్లాడుతుందండి" అన్నాను.

"మాట్లాడమనండి. చూడక్కర్లేదు కదండీ."

ఎంతో మామూలుగా అన్నారు. ఆ గంట ఎవరిదో ఆయనకేం తెలుసు.

ఇప్పుడు మళ్ళీ కువైట్‌లో ఉన్నాను. అమ్మ ఫోను అరుగు మీద పెడుతుంది. బొమ్మ ఉండదు, మాటే. పిల్లల పరుగులు, సైకిలు గంట, ఎవరో దొంగాట ఆడారన్న తగువు వింటూ కూర్చుంటాను. మధ్యలో అది రొప్పుతూ వచ్చి, "అమ్మా, అవతల బస్సు మీద రావులపాలెం అని ఉంది, నేనే చదివేను" అని చెప్పి మళ్ళీ పారిపోతుంది. సంతోషంగానే ఉంటుంది. కొన్ని రోజులు మాత్రం ఆ జోడు మీద కూడా కోపం వస్తుంది.

ఆదివారం ఐదు నిమిషాలు వీడియో. ఫోను కిటికీలో నిలబెట్టి, అది దూరంగా వెళ్ళి నిలబడుతుంది. గౌను మోకాళ్ళ పైకి పోయింది, కాళ్ళు సాగాయి. ఇన్నాళ్ళకి పిల్ల మొత్తం కనబడుతుంటే, ఫోను ముక్కుకి ఆనించుకునేది నేను. అప్పట్లో అది అలా ఆనించుకున్నది చూపు ఆనకో, బెంగతోనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వచ్చే సెలవుకి కూడా కాలవ అవతలే దిగుతాను. చెయ్యి ఊపను, పిలవను. అది జోడు సర్దుకుని చూసేదాకా ఊరికే నిలబడతాను.