నలభై ఒక్క ప్రమేయాలూ, ఒక సంతకమూ

అచ్చాఫీసులో అందరూ ఆవిడను సున్నా పిన్ని అనేవారు. ఎంత పెద్దవారి రాతలోనైనా ఎగిరిపోయిన సున్నాను పట్టుకోవడంలో ఆవిడకు ఆవిడే సాటి. ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది గాని కంప్యూటరు జోలికి ఎన్నడూ పోలేదు.

ఒకరోజు లెక్కల మాస్టారు చిన్న పుస్తకం అచ్చుకు తెచ్చాడు. ఆయన తన విద్యార్థుల కోసం తెలుగు మాటలతో సొంతంగా ఒక బుల్లి ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. అందులో ముందే అమర్చిపెట్టిన పనులు నలభై ఒకటి. పేరు రాసి పిలిస్తే చాలు, కంప్యూటరు ఆ పని చేసిపెడుతుంది. పుస్తకం నిండా వాటి వివరాలే. అట్టమీద "అంతర్నిర్మిత ప్రమేయాలు" అని ఉంది.

పిన్ని ఆ అట్ట దగ్గరే ఆగిపోయింది.

"మాస్టారూ, ప్రమేయమంటే జోక్యం కదండీ? 'ఇందులో నా ప్రమేయమేమీ లేదు' అంటాం. ఈ నలభై ఒక్కటీ ఎందులో వేలు పెడతాయి?"

"లెక్కల్లో ప్రమేయమంటే ఫంక్షన్ పిన్నీ, అది వేరు. మీరు అక్షరాలు చూడండి, చాలు."

అంతమాట అన్నాక ఆవిడ ఊరుకుంటుందా?

"అర్థం తెలియకుండా అక్షరమెలా చూస్తానండీ? ఇక్కడ 'రాయి' అని ఉంది. ఇది విసిరే రాయా, కాగితం మీద రాయడమా? ఇవన్నీ పనిచేయడం నా కళ్లతో చూస్తేగాని సంతకం పెట్టను."

పిన్ని సంతకం లేనిదే యజమాని ఏదీ అచ్చు వేయడు. మర్నాడు మాస్టారు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇది ఒక్కో వరుసే చదువుతుంది పిన్నీ. చదివిన పని అప్పటికప్పుడే చేసేసి కింది వరుసకు పోతుంది."

"నాలాగే అన్నమాట," అంది పిన్ని, కాస్త మెత్తబడి.

ముందుగా "ఆగు" వంతు వచ్చింది. పుస్తకంలో దాని ఎదురుగా "చెప్పినంతసేపు ఆగుతుంది" అని ఉంది. ఉదాహరణకు పది.

"పది ఏమిటండీ?"

"సెకన్లు. తెలిసిందే కదా!"

"ఎవరికి?" అంటూ పిన్ని ఒంటివేలితో టైపు చేసింది. తెర బిగుసుకుపోయింది. పది సెకన్లు దాటాయి. నిమిషం దాటింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. యజమాని లోపలి నుంచి వచ్చి ఏమైందని అడిగాడు.

"ఆగుతోంది," అంది పిన్ని, గోడ గడియారం మీంచి చూపు తిప్పకుండా.

సరిగ్గా పది నిమిషాలకు అది కదిలింది. పిన్ని ఎర్ర సిరాతో "నిమిషాలు" అని పక్కన రాసింది.

తర్వాత "పొడవు". పిన్ని అనే మాట ఇస్తే ఆరు అని జవాబు వచ్చింది.

"ఉన్నది రెండక్షరాలైతే ఆరేమిటి?"

"యంత్రం గుడిని వేరే, ఒత్తులో దాగిన పొల్లును వేరే లెక్కపెడుతుంది పిన్నీ."

"రెండో తరగతి పిల్ల రెండే అంటుంది."

"తిరగెయ్యి" మరీ ఘోరం. తెరమీద "న్నిప" అని పడింది. దాని ముందు ఒక గుడి, కింద ఏ అక్షరమూ లేకుండా గాల్లో వేలాడుతోంది.

"అయ్యయ్యో! తిరగేస్తే 'న్నిపి' కావాలి కదండీ. ఈ గుడిని ఇలా దిక్కులేకుండా వదిలేశారేమిటి?"

మాస్టారు తొలిరోజు వాదించాడు. రెండోరోజు నసిగాడు. మూడోరోజు నోట్‌బుక్ తెచ్చుకుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. "చూపు", "చూపించు", "కనబరచు" మూడూ చేసేది ఒకే పనని తేలితే రెండింటిని కొట్టేశాడు. ఒక్కచోట మాత్రం ఆయనదే పైచేయి. జాబితాలో మొదటిదాని సంఖ్య సున్నా అన్నాడు.

"మీ పెద్దమ్మాయిని సున్నోది అంటారా?" అని పిన్ని నిలదీసింది గాని, ఆయన ససేమిరా వినలేదు.

మూడు వారాలు ఇలా గడిచేసరికి యజమాని జుట్టు పీక్కుంటున్నాడు. ప్రమేయాలు ముప్ఫై నాలుగుకు దిగాయి. పుస్తకం పేరు "పిలిస్తే పలికే పనులు" అయింది. అయినా పిన్ని సంతకం పెట్టలేదు.

"నేనూ ఒకటి రాస్తాను, జరగండి."

మూడు వరుసలు రాసింది. యంత్రం చదివి, "మూడో వరుసలో తప్పు" అంది.

"నా వరుసలో తప్పా?"

గదిలో అందరూ చేస్తున్న పని ఆపేశారు. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఆవిడతో అన్నవాళ్లు లేరు. పిన్ని కళ్లజోడు తుడుచుకుంది, వంగి చూసింది, ఇంకా వంగి చూసింది. చివర బ్రాకెట్ మూయలేదు. చెవులదాకా ఎర్రబడింది. మూసి మళ్లీ నొక్కితే పని అయింది.

"దీని చాదస్తం తగలెయ్య! నన్ను మించిపోయిందే!" అంటూ పకపకా నవ్వి, ప్రూఫు మీద సంతకం పెట్టేసింది. "ఓ యజమానిగారూ, ఇలా రండి! మీ పేరు తిరగేశాను."

ఆయన నీరసంగా వచ్చి తెరకేసి చూశాడు.

"బాగుంది. ఇదీ ప్రూఫు దిద్దాలా?"