జబ్బార్ గీసిన ముందు తెర

నరసరావుపేట అబ్దుల్ జబ్బార్ నాటకాల తెరలు గీసేవాడు. దర్బారు, అడవి, అంతఃపురం అన్నీ ఆ చేతిలోనే పుట్టేవి. అయితే నాటకాన్ని అతను ఎదురుగా కూర్చుని చూసింది లేదు. రంగం పక్కన తెర తాడు పట్టుకుని నిలబడేవాడు. అక్కడి నుంచి నటుల కంటే జనమే బాగా కనిపిస్తారు.

తెర పని లేనప్పుడు ఎడ్లబళ్లకు రంగులేసి ఇల్లు నడిపేవాడు. అది అతనికి చచ్చేంత విసుగు. అందుకే 1946లో నకరికల్లు మోతుబరి పుల్లారావు పిలిచినప్పుడు పొంగిపోయాడు.

"కోటిలింగం గారి నాటకానికి కొత్త ముందు తెర గీయరా జబ్బారూ. ఆయన వైభవమంతా అందులో కనపడాల. జనానికి నచ్చిందా, ఈ చుట్టుపక్కల తెరలన్నీ ఇక నీయే."

కోటిలింగం వైభవం ఏమిటో జబ్బార్‌కు తెలుసు. రాజు వేషంలో ఆయన యుద్ధంలో పద్యం పాడుతూ చచ్చేవాడు. కుర్చీల్లోంచి "వన్స్‌మోర్!" అని కేకలు. శవం లేచి, కిరీటం సర్దుకుని, హార్మోనియం వైపు సైగ చేసి, మళ్లీ పాడి మళ్లీ చచ్చేది. చంపినవాడు కత్తి పట్టుకుని ఆవలిస్తూ నిలబడేవాడు. రాజు ఎందుకు చచ్చాడో ఎవరికీ పట్టేది కాదు.

కుర్చీల వెనక అడ్డంగా మోకుతాడు కట్టేవారు. దాని అవతల ఊరి బయటి పల్లెకు చెందిన ఏసోబు, అతని తోటి కూలి జనం నిలబడి చూసేవారు. పందిరి గుంజలు పాతింది వాళ్లే. అప్పుడు లేని అంటు కుర్చీల దగ్గరికొచ్చేసరికి పుట్టుకొచ్చేది.

జబ్బార్ ఇదంతా ఉన్నదున్నట్టు గీశాడు. టెంకాయ కొట్టకముందు కొత్త తెర విప్పకూడదని పట్టింపు కాబట్టి పుల్లారావు ముందుగా చూడలేదు.

నాటకం నాడు పొద్దుగూకగానే టెంకాయ కొట్టి తెర దించారు. తెర మీద సగం లేచిన శవం. నోళ్లు తెరిచిన పెద్దమనుషులు. మోకు మీద చేతులేసి నిలబడ్డ ఏసోబు వాళ్లు.

ముందుగా కరణం లేచాడు. "నా నోరు అంత పెద్దదేందిరా?"

"నీకు నోరన్నా ఉంది. నేనేడీ?" అని మునసబు గయ్యిమన్నాడు.

మోకు అవతల నుంచి ఏసోబు "వన్స్‌మోర్!" అని అరిచాడు. పందిరంతా అందుకుంది. తెర చుట్టారు, దించారు, మళ్లీ చుట్టారు. తనకు రావలసిన కేకలు ఒక గుడ్డకు పోతున్నాయని కోటిలింగం కిరీటం తీసి విసిరేశాడు. "ముందు దాని సంగతి తేల్చండి. ఆ తర్వాతే నేను చచ్చేది!"

పుల్లారావు రంగం మీదికొచ్చాడు. "ఒరేయ్, మోకు అవతలోళ్లను చెరిపి, ఆ జాగాలో కుర్చీ ఏసి మునసబు గార్ని కూర్చోబెట్టు. లేకపోతే పల్నాట్లో నీకు ఇంకో తెర దొరకదు."

జబ్బార్ కుంచె తీసుకున్నాడు. గబగబా గీసి పక్కకు తప్పుకున్నాడు. తెర మీదికి మునసబు వచ్చాడు, కోరమీసంతో సహా. అయితే కుర్చీలో కాదు, మోకు అవతల ఏసోబు భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఇదేందిరా!"

"కుర్చీలు ఖాళీ లేవండీ. ఈళ్లే జరిగి చోటిచ్చారు."

"రండి మునసబు గారూ," అన్నాడు ఏసోబు. "ఇక్కడికి కూడా పాట బాగానే ఇనపడుద్ది."

పెద్దమనుషుల చేతుల్లో తెర ముక్కలైంది. జబ్బార్‌కు మరో తెర దొరకలేదు, చివరిదాకా బళ్లకే రంగులేశాడు. అయితే చింపినవాళ్లు ముక్కలను పారేయలేదు. ఎవరి బొమ్మ వాళ్లు ఇంటికి పట్టుకుపోయారు. మునసబుది మాత్రం ఎంత జాగ్రత్తగా కోసినా ఏసోబు భుజం లేకుండా ఊడి రాలేదు. అయినా చంకలో పెట్టుకునే వెళ్లాడు.