సలోమమ్మ చేను

మా ఆఫీసు ముందు నుంచి మిర్చి బస్తాల లారీ వెళ్ళిందంటే చాలు, ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగవు. "వ్యవసాయ అసిస్టెంటువి, మిర్చికి తుమ్మితే ఎట్టా?" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తారు. నేనూ నవ్వేస్తాను. అప్పుడే వినుకొండ అవతలి ఊళ్ళోని సలోమమ్మ గుర్తుకొస్తుంది.

సలోమమ్మ రెండెకరాల కౌలు రైతు. ఆ ఊళ్ళో కౌలంతా భూమిగల ఆసామితో నోటిమాటే. భర్త పోయాక కూడా ఆ రెండెకరాల్లో మిరప తనే వేసింది. నారు పోసిందీ, మందు కొట్టిందీ, కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరిందీ ఆమే. నాకప్పుడు ఉద్యోగం కొత్త. పంట నమోదుకు వెళ్ళేసరికి ఆమె కూలీలతోపాటు వంగి కలుపు తీస్తోంది, ఆమె మరిది తెల్లచొక్కాతో గట్టు మీద నిలబడి ఉన్నాడు. మా వైపు చేలో ఎవరు పనిచేసినా ఆఫీసువాళ్ళతో మాట్లాడేది గట్టు మీది మగమనిషే. నేనూ ఆయన్నే అడిగాను, ఆయన తన పేరే చెప్పాడు, అదే ఎక్కించాను. పైరుతో ఆయన ఫొటో తీయాలి. "పిన్నీ, కాస్త పక్కకు జరుగు, ఫొటోలో పడతన్నావు" అన్నాను. పాపం, జరిగింది.

తరవాత వానకు కల్లంలో కాయ తడిసి నల్లబడింది. ఆ నమోదును బట్టే రాసిన నష్టపోయిన రైతుల జాబితాలో తన పేరు లేదని ఆఫీసుకొచ్చింది.

"కాయితంలో మరిది పేరుందని వచ్చే ఏడు చేను ఆయనకే ఇస్తానంటన్నాడమ్మా ఆసామి. అది నా చేనని నీకు తెలవదా?"

"నువ్వన్నా చెప్పొచ్చుగా పిన్నీ," అన్నాను సిగ్గులేకుండా.

"పక్కకు జరగమంటివి, జరిగా. ఫొటోలోంచే అనుకున్నా. చేలోంచని నాకేం తెలుసు?"

గొంతు పెంచలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. పేరు మార్పించడానికి చానా తిరిగాను. గడువు దాటిందన్నారు. మరిది నోరు విప్పలేదు. మరుసటి ఏడు ఆసామి అన్నంత పనీ చేశాడు.

ఇప్పుడు ఏ చేనుకు వెళ్ళినా నేను గట్టు మీద ఆగను. సాళ్ళలోకి దిగి ఆడవాళ్ళనే అడుగుతాను, ఈ పైరు ఎవరిదని. మొగుడి పేరో కొడుకు పేరో చెబుతారు. "చేసేదెవరమ్మా? నీ పేరు చెప్పు" అని మళ్ళీ అడుగుతాను. గట్టు మీదివాళ్ళకు ఒళ్ళు మండుతుంది, మండనీ.

మొన్న ఆ రెండెకరాలకూ వెళ్ళాను. సలోమమ్మ అక్కడే కూలికొచ్చి కలుపు తీస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"ఇంత పొద్దున్నే వచ్చావేందమ్మా, తిన్నావా?"

తిన్నానన్నాను. ఈ పైరు ఎవరిదని మాత్రం ఆమెను అడగలేకపోయాను.