చెప్పలేం గారూ, ఊరూ పేరూ లేని తుపాకీ

ఆయన ఏ ప్రశ్నకూ ఖాయమైన జవాబు ఇవ్వడు. ఎవరేమడిగినా ఒకటే మాట: "ఇప్పుడే చెప్పలేం." పాత తుపాకులు బాగుచేసే ఆ మేస్త్రీకి అందుకే వీధి వీధంతా కలిసి చెప్పలేం గారని పేరు పెట్టింది. అసలు పేరు గుమ్మం పక్కన పలక మీద ఉంది గానీ దాన్ని చదివేవాళ్ళు లేరు.

ఆ మాటతో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నది ఆయన భార్య. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే కంచం ఖాళీ అయ్యేదాకా చెప్పలేం. వాన పడుతుందా అంటే గొడుగు తడిసేదాకా చెప్పలేం. పెళ్ళయిన కొత్తలో ఆమె సిగ్గుపడుతూనే, "నేను నచ్చానా?" అని అడిగింది. "ఇంత తొందరగా ఏం చెప్తాం?" అన్నాడాయన. మళ్ళీ ఆమె అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు. ఇప్పుడామెకు అలగడానికి కూడా ఓపిక లేదు.

అలాంటి ఇంటికి రిటైరైన పోస్టుమాన్ ఒకాయన దుప్పటిలో చుట్టిన తుపాకీ తెచ్చాడు. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరే పాతకాలపు రైఫిలు. తుప్పు పట్టి గొట్టమేదో కర్రేదో తెలియకుండా ఉంది.

"మా తాతదండీ. ఇంటి మీదికొచ్చిన ఎలుగుబంటిని ఒక్క గుండుతో పడగొట్టాడు. ఆ రోజు తర్వాత దీన్ని ఎవరూ ముట్టలేదు. మ్యూజియం వాళ్ళు తీసుకుంటామన్నారు గానీ, సోమవారంలోగా దీని వివరాలన్నీ మీరు కాగితం మీద రాసివ్వాలట."

"ఎక్కడ తయారైంది?"

"తెలీదండీ. మీరే చెప్పాలి."

"చెప్పలేం."

పోస్టుమాన్ రోజూ వచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, మంచినీళ్ళు తాగి, చెప్పలేం అనిపించుకుని వెళ్ళేవాడు. ఒకరోజు వంటింటి గుమ్మంలో ఆగి, "మా బావమరుదులు నవ్వుతున్నారమ్మా. మా ఇంట్లో చెప్పుకోదగ్గ కథ అదొక్కటే. అదీ అబద్ధమంటే ఇంక మాకేం మిగిలింది?" అన్నాడు. ఆమెకు జాలి వేసింది. ఆ జాలికంటే ఎక్కువగా మొగుడి మీద విసుగు పుట్టింది.

"పాపం, ముసలాయన్ని అలా తిప్పుకోకపోతే, అవునని ఒక్క ముక్క రాసివ్వచ్చుగా?"

"చూడాలి" అన్నాడాయన. అప్పటికి నాలుగు రోజులుగా గొట్టంలో నూనె పోసి నానబెడుతూ, చివర మర ఉన్న కడ్డీతో లోపలి నుంచి ఏదో లాగుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున పోస్టుమాన్‌కి కాగితం అందింది. అతను కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు. "చేసినవారు: చెప్పలేం. చేసిన ఊరు: చెప్పలేం. చేసిన ఏడు: చెప్పలేం. ఎలుగుబంటి చచ్చినదీ లేనిదీ: చెప్పలేం." చివరి వరుస మాత్రం రెండుసార్లు చదివాడు. "ఈ తుపాకీ పట్టుకున్న మనిషి పారిపోలేదు. ఇది ఖాయం."

"నిజంగానా అండీ?"

"సంతకం పెట్టాను కదా" అన్నాడు మేస్త్రీ.

పోస్టుమాన్ మోకాళ్ళ సంగతి మరిచి మెట్లు దిగిపోయాడు. ఆ సంతకం చూసి ఎక్కువ ఆశ్చర్యపోయింది మాత్రం భార్యే. బల్ల తుడుస్తుంటే ఆమెకు మూలనున్న డబ్బాలో నాలుగు సీసపు గుండ్లు దొరికాయి.

"ఇవేమిటి?"

"ఆ గొట్టంలోవే. ఒకదాని మీద ఒకటి. నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ పెట్టడం మరిచిపోయాడు, పాపం. పేలలేదని మళ్ళీ కూరాడు. మళ్ళీ మరిచాడు. అలా నాలుగుసార్లు."

"అంటే ఎలుగుబంటిని..."

"దానికి విసుగొచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. కానీ ఒకసారి కూరాలంటే తుపాకీ నిలబెట్టి, మందు పోసి, గుండు దించి, కడ్డీతో పొడవాలి. వణికే చేతులతో, దాని ఎదురుగా, నాలుగుసార్లు. పారిపోయేవాడు ఒక్కసారి కూడా కూరడు."

ఆమె గుండ్లను మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఎందరి గుట్టు చెప్పలేం అనే మాట కింద దాచాడో అనిపించింది. పొరుగావిడ పాట బాగుందా అన్నప్పుడు, తోడల్లుడి కవిత్వం ఎలా ఉందన్నప్పుడు కూడా ఆయన చెప్పలేమనే అన్నాడు. ఆమెకు ఆయన మీద ప్రేమ పుట్టింది, దాంతోపాటే పాత అనుమానమూ లేచింది.

"అయితే నేను నచ్చానా లేదా? ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, ఇకనైనా చెప్తారా?"

ఆయన తుప్పు మరకల చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"నేను పారిపోలేదు కదా" అన్నాడు.